ఐదో ఇంటి మాత్ర

క్యారమ్ బోర్డు ముందు కూర్చుంటే నన్ను మించినవాడు కేజీఎఫ్‌లో లేడు. మైసూరు మహారాజుగారి అంతఃపురంలో ఉన్న దంతపు బోర్డు మీద కూడా ఆడి గెలిచాను.

రెండో మాట అబద్ధం. మైసూరికి నేను ఒక్కసారే వెళ్ళాను, అది కూడా జూ చూడడానికి, అక్కడ కోతి నా టోపీ ఎత్తుకుపోయింది. మొదటి మాటను కూడా కొంచెం దింపుకోవాలి. మా లైన్‌లో నన్ను మించినవాడు లేడు. మా లైన్‌లో క్యారమ్ ఆడేవాళ్ళం ఇద్దరమే. రెండోవాడు నా జోడీ.

లైన్ అంటే బంగారు గని నడిచిన రోజుల్లో కార్మికుల కోసం కట్టిన రేకుల ఇళ్ళ వరుస. రైలు పెట్టెల్లాగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మొదటి ఇంట్లో తుమ్మితే మూడో ఇంట్లో ‘చిరంజీవ’ అంటారు. గని మూతపడింది, ఇళ్ళూ మేమూ మిగిలాం. ఆ గనిలో నేను ఇంజన్ డ్రైవరుగా పనిచేశాను. మనుషుల్ని కేజ్‌లో నిలబెట్టి పాతాళానికి దించి, మళ్ళీ ప్రాణాలతో పైకి లాగే ఇంజన్ అది.

సరే, డ్రైవరు వేరే ఆయన. నేను కేజ్ తలుపు తీసి, మూసి, గంట కొట్టేవాణ్ణి. కానీ గంట వినబడితేగానీ డ్రైవరు చేయి కదిలించడు. ఆ లెక్కన నేను డ్రైవరుకే డ్రైవరుని. ఈ గంట సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ప్రతి ఏడూ క్రిస్మస్ రోజుల్లో మా ఊరి చర్చి పక్కనున్న వరండాలో లైన్‌కూ లైన్‌కూ మధ్య జోడీల ఆట జరుగుతుంది. నా జోడీ గనిలో లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసినవాడు, వాళ్ళది తాతల కాలం నుంచీ చర్చి కుటుంబం. మేమిద్దరం కుర్రవాళ్ళుగా ఉన్నప్పటినుంచీ ఎదురెదురుగా కూర్చుంటున్నాం. అలాంటివాడు పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం స్ట్రైకర్‌ని అరచేత్తో కప్పేసి నా మొహంలోకి చూశాడు.

“ఏమప్పా, దాన్ని కొడతావా, జోకొడతావా?”

నా కుడిచేయి వణుకుతోంది. స్ట్రైకర్‌ను గీత మీద పెట్టి వేలు మడిచేలోపే అది తనంతట తాను ప్రయాణం మొదలుపెడుతోంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం కాఫీ పంచెకే. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పట్టే సమయంలో మా ఆవిడ చారు కాచి దించుతోంది.

“బోర్డు ఏటవాలుగా ఉండాది,” అన్నాను.

“బోర్డు కాదు, నువ్వే ఏటవాలుగా ఉండావు. చూడు మచ్చా, ఉన్నమాట చెప్తాను, మూతి ముడుచుకోవద్దు. పండగలోపల నీ చేయి నిలబడితే నువ్వే నా జోడీ. లేదంటే నా అల్లుణ్ణి కూర్చోబెట్టుకుంటాను.”

ఆ అల్లుడు క్యారమ్ ఆడేది ఫోన్‌లో. వేలికి పౌడరు అంటకుండా ఆడేవాడు! నా ప్రాణం చివుక్కుమంది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్తే ఆమె తిరగమోత ఆపకుండానే తీర్పు చెప్పేసింది.

“వయసైతే వణకదా? మా నాయనకీ వణికినాది. ఆయన క్యారమ్ ఆడకుండానే పోయినాడు, ఏం నష్టమొచ్చినాది?”

అందరూ అదే మాట. వయసు. వయసుకి మందు ఎవరిస్తారు, అందుకని నేను డాక్టరు దగ్గరికి పోలేదు. పోలేదంటే భయం వల్ల కాదు. కొంచెం భయం వల్ల కూడా.

ఇక్కడ మా మనవరాలిని పరిచయం చేయాలి. కూతురి కూతురు. కూతురూ అల్లుడూ బేతమంగళలో ఆవుల్ని పెట్టుకుని ఉన్నారు. ఈ పిల్ల కోలారులో నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది, మా దగ్గరుండి రోజూ బస్సులో పోయొస్తుంది. ఆ ఏడు దానికి మనసు జబ్బుల పాఠం వచ్చింది. ఇంట్లో మెదడు బొమ్మ ఒకటి పెద్దది గీసి దేవుళ్ళ క్యాలెండరు పక్కనే అతికించింది. మా ఆవిడకు పొద్దున కళ్ళద్దాలు పెట్టుకునే అలవాటు లేదు, నాలుగు రోజులు ఆ మెదడుకీ సాంబ్రాణి పట్టింది. తెలిశాక కూడా మానలేదు. “పోనీలే, ఇంట్లో అది ఎవరికీ లేదు కదా, ఉండనీ,” అంది.

మందుల పేర్లతోనే వచ్చింది చిక్కంతా. ఒక్కో పేరు గూడ్సు రైలంత. క్లోర్‌ప్రోమజైన్, హాలోపెరిడాల్, ఎస్సిటాలోప్రామ్. పిల్ల రోజంతా జపం చేసేది, సాయంత్రానికి మర్చిపోయేది. చివరికి తనే ఒక ఉపాయం కనిపెట్టింది. నేను కనిపెట్టానని లైన్ అంతా చెప్పుకుని తిరిగాను, కానీ కనిపెట్టింది అదే. మందుల్ని మా లైన్‌లో కాపురం పెట్టింది.

మొదటి ఇంట్లో ఉండే పెద్దమనిషి ఎవరింట్లో టీవీ మోగినా ‘తగ్గించండిరా’ అని అరుస్తాడు. అందుకని లేని గొంతులు వినబడేవాళ్ళకిచ్చే మందులన్నీ మొదటి ఇల్లు. రెండో ఇంట్లో ఎలక్ట్రీషియన్. పిలిస్తే ‘ఇదో వచ్చినా’ అంటాడు, రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కానీ వచ్చాడంటే ఇంట్లో దీపం వెలుగుతుంది. కాబట్టి దిగులు జబ్బు మందులు రెండో ఇల్లు. ఇవ్వాళ మింగి రేపటికే నవ్వు రాలేదని మానేయకూడదట. మూడో ఇంటావిడ సాంబారులో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువ కాదు, తక్కువ కాదు. అక్కడ లిథియం. ఒంట్లో ఉప్పూ నీళ్ళూ తేడా వస్తే అది విషమై కూర్చుంటుంది, రక్తం పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. నాలుగో ఇల్లు నా జోడీది. ఆయన వచ్చి కూర్చుంటే ఎదుటివాడికి నిద్ర ముంచుకొస్తుంది, అలవాటైతే వదిలించుకోవడం కష్టం. నిద్రకూ కంగారుకూ ఇచ్చే మాత్రలు అక్కడ.

“ఐదో ఇల్లు?” అన్నాను. ఐదోది మాది.

“మనింట్లో ఏ మాత్రా వద్దు తాతా. మన మతి బాగానే ఉండాది కదా.”

“నాకూ నీకూ బాగుండాది,” అంది వంటింట్లోంచి మా ఆవిడ. “మూడో మనిషి సంగతి ఆ దేవుడికే తెలియాల.”

అలా ఐదో ఇల్లు ఖాళీగా ఉండిపోయింది.

పేర్లు వచ్చాక పిల్ల వాటి పనిలోకి దిగింది. ఒక సాయంత్రం నన్ను మెదడు బొమ్మ ముందు కూర్చోబెట్టింది.

“తాతా, ఈ నరానికీ ఆ నరానికీ మధ్య సందు ఉండాది. ఒకటికొకటి తగలవు. ఇవతలి కొస ఒక రసాయనాన్ని వదుల్తుంది. అది సందు దాటి అవతలి కొస మీద పోయి కూర్చుంటేనే కబురు అందినట్టు.”

“అంటే గంట. పైనుంచి నేను కొడితే ఇంజన్ రూములో డ్రైవరు వింటాడు.”

“ఆ, అట్లనే అనుకో. అట్లాంటి గంటలు శానా ఉండాయి, అందులో డోపమైన్ ఒకటి. గొంతులు వినబడేవాళ్ళకు ఆ గంట ఒక చోట అతిగా మోగుతా ఉంటుంది. మొదటి ఇంటి మాత్ర పోయి డ్రైవరు చెవిలో దూది పెడుతుంది.”

“గంట మోగుతుంది, వాడికి వినబడదు.”

“అంతే. గొంతులు తగ్గుతాయి.”

ఇక్కడ నాలోని గంటవాడు లేచాడు. “డ్రైవరుకు చెవుడొస్తే కేజ్ ఎట్ల కదుల్తుంది?”

పిల్ల నన్ను మెచ్చుకోలుగా చూసింది. “మా క్లాసులో ఈ మాట ఎవురూ అడగలేదు తాతా. అదే సైడ్ ఎఫెక్టు. ఒళ్ళు కదిలించే గంట కూడా డోపమైనే. దానికీ దూది పడితే మనిషి బిగుసుకుపోతాడు. అడుగు చిన్నదవుతుంది, మొహంలో కళ ఉండదు, చేయి వణుకుతుంది.”

“పాపం,” అన్నాను.

“పాపమే. ఇంగ చాల్లే, మాత్రేసుకో,” అని నా చేతిలో నీళ్ళ గ్లాసూ గ్యాస్ మాత్రా పెట్టింది. గ్లాసు వణికి నీళ్ళు చాప మీద పడ్డాయి. తుడిచి, మళ్ళీ నింపి ఇచ్చింది.

ఈ గ్యాస్ మాత్ర మా ఇంటికొచ్చిన వైనం కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట రాయల్పాడులో బంధువుల ఇంటికి పోయి ఒక గంప మామిడిపళ్ళు ఒక్కణ్ణే తిన్నాను. గంప కాదు, బుట్ట. చిన్న బుట్ట. కడుపు మద్దెలైంది. అక్కడి డాక్టరు ఒక వారానికి మాత్రలు రాసిచ్చాడు, హాయిగా తగ్గింది. తగ్గాక మానేయాలి కదా అని మీరంటారు. మీరు గని ఆసుపత్రి చూసి ఉండరు. మా రోజుల్లో దగ్గు మందుకైనా కడుపునొప్పి మందుకైనా సీసా మనమే తీసుకుపోవాలి. ఖాళీ సీసా కిటికీలో పెడితే కాంపౌండరు నింపి ఇచ్చేవాడు. నువ్వెవరు, ఇంకా దగ్గుతున్నావా అని అడిగేవాడు కాదు. దగ్గు తగ్గినా సీసా ఖాళీ అయిందంటే నింపించుకురావడం ఇంట్లో ఇల్లాలి ధర్మం. ఖాళీ చూపిస్తే నిండుతుంది, నిండితే తాగాలి. ఆ ఆసుపత్రి పోయింది, సీసాలు పోయాయి, మాకు మాత్రం ఆ మతం మిగిలింది. మా లైన్‌లో ఏ ముసలివాడి చొక్కా జేబు తడిమినా ఒక ఖాళీ మాత్రల రేకు దొరుకుతుంది. అది చూపించి కొత్తది తెచ్చుకుంటాం. నా వారం మాత్రలు అలా ఏళ్ళకేళ్ళు సాగాయి.

ఇంతలో కాలేజీ నుంచి కబురొచ్చింది. మందుల వల్ల వచ్చే కదలికల తేడాలు క్లాసులో చేసి చూపించడానికి ఒక పెద్దమనిషి కావాలట. పిల్లలు ఒకరి ముందు ఒకరు నటిస్తే అంతా నవ్వులాటే అవుతోందట. మేడంగారు నా పేరు విని, ఆయనైతేనే రావాలి, లేకపోతే క్లాసే వద్దని పట్టుబట్టారు.

మేడంగారు నా పేరు వినలేదు. మనవరాలు మొదట మా ఆవిడను అడిగింది. మా ఆవిడ ‘పాలవాడు వచ్చే టైము’ అంది. ఆ తర్వాత నన్ను అడిగింది.

నాకిచ్చిన వేషం ఇది. నాకు లేని గొంతులు వినబడతాయి, హాలోపెరిడాల్ వాడుతున్నాను, గొంతులు తగ్గాయి కానీ ఒళ్ళు బిగుసుకుంది. నేను ఇంట్లో సాధన మొదలుపెట్టాను. అరికాళ్ళు నేలకు రాస్తూ చిన్నచిన్న అడుగులు. మొహం గోడలాగా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఉండలు చుడుతున్నట్టు వణుకు. మా ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి చూసింది.

“యాక్టింగ్ ఎప్పుడు మొదలుపెడతావు?”

“చేస్తానే ఉండాను కదా!”

“దినమూ నడిచేట్లే నడస్తా ఉండావు.”

నటన అంటే తెలియనివాళ్ళ ముందు ఏం చేసినా వృథా అనుకున్నాను.

ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని, పిల్లతో కోలారు బస్సెక్కాను. దారి పొడవునా ఒకటే మాట చెప్పింది. “తాతా, ఎక్కువ చేయొద్దు. నువ్వు పేషంటువి, హీరోవి కాదు.” అట్లనే అన్నాను. అనడం వరకూ నిజాయితీగానే అన్నాను.

క్లాసులో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ ఆడపిల్లలే. మేడం కన్నడావిడ, తెలుగు బాగా మాట్లాడుతుంది, తాతను మాత్రం అజ్జ అంటుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, “అజ్జా, ఇప్పుడు కూడా గొంతులు వినబడతా ఉండాయా?” అంది.

“ఒకటి వినబడతా ఉండాది మేడం. మీ క్యాంటీన్ కాఫీలో నీళ్ళు ఎక్కువ అంటా ఉండాది.”

క్లాసు ఫెళ్ళుమంది. మా మనవరాలు కళ్ళు మూసుకుంది. మేడం నవ్వకుండా, “ఆ గొంతు మాకందరికీ వినబడతాది అజ్జా, అది జబ్బు కాదు,” అంది. అప్పుడనిపించింది, ఈమెతో జాగ్రత్తగా ఉండాలని.

నడిచి చూపించమంది. గది ఈ చివర నుంచి ఆ చివరకు కాళ్ళు రాస్తూ నడిచాను. చప్పట్లు. వంగి నమస్కారం చేయబోతుంటే పిల్ల ‘తాతా’ అని పళ్ళ మధ్యనుంచి అంది. తర్వాత చేయి. ఒళ్ళో పెట్టుకుని వణికించాను. మేడం పిల్లలందరినీ దగ్గరికి పిలిచి చూపించింది. ఎంత బాగా చేశారు, సినిమాల్లోవాళ్ళు కూడా ఇలా చేయలేరు అంది. నేను ఉబ్బిపోయాను.

“సరే అజ్జా, చాలు. ఇంగ చేయి ఆపండి.”

ఆపాను.

చేయి ఆగలేదు.

“అయిపోయింది అజ్జా. థ్యాంక్స్. మామూలుగా కూర్చోండి.”

“మామూలుగానే కూర్చున్నాను మేడం.”

వెనక బెంచీలో ఒక పిల్ల కిసుక్కున నవ్వి, ఎవరూ తోడు నవ్వకపోవడంతో ఆపేసింది. మేడం కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుంది. నా మోచేతిని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నెమ్మదిగా చాపింది, మడిచింది. నా చేయి నున్నగా రాలేదు. పళ్ళచక్రం మీద తాడు జారినట్టు టక్, టక్, టక్ అని ఆగి ఆగి వచ్చింది. కళ్ళు ఆర్పకుండా నా మొహం కేసి చూసింది. అంతసేపూ నేను గోడలాంటి మొహం నటిస్తున్నాననుకున్నాను. అప్పుడు నేను నవ్వుతున్నాను, నిజంగానే నవ్వుతున్నాను. ఆ నవ్వు మొహం దాకా వచ్చినట్టు లేదు.

“ఏమేం మాత్రలు వేసుకుంటారు?”

“బీపీకి ఒకటి. గ్యాస్‌కు ఒకటి. అంతే.”

“గ్యాస్ మాత్ర పేరు?”

పేరెవరికి తెలుసు? జేబులోంచి ఖాళీ రేకు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి, మా మనవరాలి చేతికిచ్చింది.

“ఇందులో రెండు మందులుండాయి. రెండోదాని పేరు చదువు. ఏ కుటుంబం?”

“లీవోసల్పిరైడ్,” అని చదివింది. రేకును ఇంకోసారి తిప్పి చూసింది. తర్వాత మెల్లగా అంది, “డోపమైన్‌ను అడ్డుకునేది. మొదటి ఇల్లు మేడం.”

“మొదటి ఇల్లా?”

మా లైన్ సంగతి ఆమెకు తెలియదు కదా. పిల్ల చెప్పింది. మేడం బోర్డు దగ్గరికి పోయి వివరించింది. ఈ మందు కడుపులో డోపమైన్ గంటకు దూది పెట్టి ఆహారాన్ని తొందరగా కిందికి తోస్తుంది, అందుకే ఉబ్బరం తగ్గుతుంది. కానీ దూది కడుపు దగ్గరే ఆగదు, కొంత తలకెక్కుతుంది. కొద్దిరోజులకు రాసిన దాన్ని ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి మింగితే చేయి వణకొచ్చు, ఒళ్ళు బిగుసుకోవచ్చు, అందరూ వయసనుకుంటారు. “మొదటి ఇంటి మందులు చెడ్డవని రాసుకోవద్దు,” అని కూడా అంది. “కావాల్సినవాడికి అవి ప్రాణం పోస్తాయి. ఈ అజ్జకు కావాల్సిన పని లేదు, అంతే తేడా.”

“ఇంకో గంట ఉండాది కదా మేడం,” అని ముందు బెంచీ పిల్ల లేచింది. “పాల హార్మోను. డోపమైన్‌కు అడ్డం పడితే పాలు రావొచ్చు కదా, మగవాళ్ళకు కూడా?”

“రావొచ్చు. అరుదుగా.”

నా చేయి దానంతటదే చొక్కా గుండీల దగ్గరికి పోయింది. క్లాసు మళ్ళీ విరగబడింది. మా కూతురు ఆవులకు దాణా వేసి వేసి అలిసిపోతోంది, ఇంట్లోనే ఇంత వసతి ఉందని ముందే తెలిసి ఉంటే అన్నాను. మేడం కూడా నవ్వేసింది. మా మనవరాలు ఒక్కతే నవ్వలేదు.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. టమోటా మండీ దాటి, ఊరి ఇళ్ళు పలచబడ్డాక ఇటు తిరిగింది.

“దినమూ నీళ్ళు తెచ్చిచ్చింది నేనే కదా తాతా. డోపమైన్ పాఠం చెప్తా చెప్తా చేతిలో పెట్టినాను. గ్లాసు వణికితే తుడిచి మళ్ళీ ఇచ్చినాను. నేనేం నర్సునవుతాను?”

ఆ పిల్ల అలా తనను తాను తిట్టుకోవడం నేను చూడలేను. అలాంటప్పుడు నాకు ఒకటే విద్య తెలుసు.

“పిచ్చిదానా, నువ్విచ్చిన మాత్రలు నేను మింగినానని ఎవరు చెప్పినారు? నువ్వు అటు తిరగ్గానే సగం దినాలు కిటికీలోంచి బయటికి గిరాటేసినాను.”

“నిజంగానా?”

“మన కిటికీ కింద కోళ్ళు చూడు, యాడా గ్యాస్ లేకుండా ఎట్ల తిరుగుతా ఉండాయో.”

పిల్ల ముక్కు తుడుచుకుని నవ్వింది. ఒక్క మాత్ర కూడా నేను పారేయలేదు. రోజూ కళ్ళకద్దుకుని మింగాను.

పాపం చేసినా పండేదాకా టైమిస్తారు. అబద్ధానికి ఆ మర్యాద కూడా లేదు. రెండు రోజుల తర్వాత పిల్ల నన్ను కోలారులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పూసగుచ్చినట్టు అంతా చెప్పి, చివర, “సగం దినాలు మింగలేదంట సార్,” అని కలిపింది. డాక్టరు పెన్ను ఆపాడు.

“సగమేనా? సగానికే ఇంత ఉంటే ఇది మాత్ర వల్ల కాకపోవచ్చు. నిజం పార్కిన్సన్ జబ్బేమో చూడాల. తలకు స్కానింగు, నరాల డాక్టరు, ఇంకా...”

నా చేయి ఇంకో రెండింతలు వణికింది. పిల్ల మొహం మళ్ళీ పాలిపోయింది.

“సార్,” అన్నాను. “అన్నీ మింగినాను.”

“అన్నీ అంటే?”

“ఒక్కటి వదలకుండా. పండక్కి ఊరికి పోయినా జేబులో పెట్టుకుని పోయినాను. కోళ్ళకేం పెట్టలేదు.”

“కోళ్ళెవరు?” అన్నాడు డాక్టరు.

పిల్ల నన్ను చూసిన చూపులో కోపం ఎంతో, ఇంకోటి ఎంతో నేను చెప్పలేను. డాక్టరు తల ఊపి, ఆ మాత్ర కొట్టేసి వట్టి పుల్లతేన్పులకు ఇంకోటి రాశాడు, అది కూడా కొద్దిరోజులకే. చేయి తగ్గితే తగ్గడానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, పూర్తిగా తగ్గుతుందని చేతిలో చేయేసి చెప్పలేను, తగ్గకపోతే నరాల డాక్టరుకు చూపిద్దాం అన్నాడు. “బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఈ సంతోషంలో అన్నీ కిటికీలోంచి పారేస్తారేమో.”

ఆ తర్వాత మా ఇంట్లో రోజూ పొద్దున ఒక పూజ. గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి నా చేతిలో పెట్టేది పిల్ల. నేను పట్టుకునేవాణ్ణి. మా ఆవిడ కింద తడిగుడ్డ పరిచేది. మొదట్లో గ్లాసులో తుఫాను. దూది ఒక్కసారిగా ఊడిరాదు తాతా అని పిల్ల సముదాయించేది. పండగ దగ్గరికొస్తోంది. నా జోడీ ఇంటి గోడ అవతలి నుంచి క్యారమ్ చప్పుడు వినబడసాగింది. అల్లుడు సాధన చేస్తున్నాడు. టక్ అని కొట్టడం, డుబ్ అని పాకెట్లో పడడం. మా గోడలు పలచన, చెప్పాను కదా. ప్రతి డుబ్బుకీ నా గుండెలో ఏదో పడేది.

గుడ్డ తడవడం తగ్గుతూ వచ్చింది. ఒకరోజు మా ఆవిడ గుడ్డ పరవడం మర్చిపోయింది, ఏమీ పడలేదు. ఆమె నన్ను పరీక్షగా చూసి, “మొహంలోకి కూడా కాస్త వంకర నవ్వు తిరిగొచ్చినాది. ఇంగ నిన్ను భరించేది కష్టం,” అంది.

పండగకు ముందు ఆదివారం నా జోడీ వచ్చాడు. నా చేయి బోర్లా చాపించి దాని మీద స్ట్రైకర్‌ను పెట్టాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. స్ట్రైకర్ సన్నగా అదిరింది, కానీ నిలబడింది.

“ఇది వయసు వణుకా, మాత్ర వణుకా?” అని పిల్లను అడిగాడు.

“కొంచెం మిగిలినాది తాతా. పోతుందని అనుకుంటా ఉండాము.”

“సరే, కూర్చో,” అన్నాడు నాతో. అంతే. కూర్చో అన్న మాట అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. పోతూ పోతూ తన జేబులోని ఖాళీ రేకు తీసి మనవరాలి ముందు పెట్టాడు. “ఇది ఏ ఇంటిదో చూడమ్మా.” అది కాల్షియం మాత్ర. ఆయన కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు.

ఆట రోజు వరండా నిండిపోయింది. మా ఆవిడ, మనవరాలు, అవతల నా జోడీ అల్లుడు చేతులు కట్టుకుని. మొదటి రెండు బోర్డుల్లో నా ఆట చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. వెళ్ళబెట్టింది ఒక్కరు, ఆవలింత వల్ల. అయినా మేం వెనకబడలేదు. చివరి బోర్డుకొచ్చేసరికి రెడ్ కాయ మాకే పడింది, దాని వెంట పడాల్సిన కవరు కాయ కూడా పడింది. మాది ఒకే ఒక్క తెల్లకాయ మిగిలింది. పాకెట్ మూతిమీద, నేరుగా, చంటిపిల్ల ఊదినా పడేటట్టు. వాళ్ళవి రెండు నల్లకాయలు. వంతు నాది.

స్ట్రైకర్ పెట్టాను. వేలు మడిచాను. చేయి రాయిలాగా ఉంది. ఆ నిశ్చలం చూసి నాకే ముచ్చటేసింది, ఒక క్షణం అలాగే చూసుకున్నాను. కొట్టాను.

తెల్లకాయ పాకెట్ అంచుకు తగిలి, ఏదో మర్చిపోయినదానిలా వెనక్కి తిరిగి బోర్డు మధ్యలోకి వచ్చి ఆగింది. ఎదుటివాళ్ళు రెండు నల్లకాయలూ వేసేశారు. డుబ్. డుబ్.

నేను కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, మొహం దీనంగా పెట్టి మొదలుపెట్టాను. “ఈ పాడు చేయి, సరిగ్గా ఆ సమయానికే...”

“లేదు తాతా,” అంది వెనకనుంచి మనవరాలు, వరండా అంతా వినబడేటట్టు. “చేయి వణకలేదు. నేను చేతినే చూస్తా ఉండాను. రవ్వంత కూడా కదల్లేదు.”

దాని మొహం వెలిగిపోతోంది. మేం ఓడిపోయామన్న సంగతి ఆ పిల్ల గమనించినట్టే లేదు.

“విన్నావా?” అన్నాడు నా జోడీ. “నర్సమ్మే చెప్పినాది. చేయి బాగుండాది. ఆటే బాగలేదు.”

ఆయన కాయల్ని డబ్బాలో వేస్తున్నాడు. నేను స్ట్రైకర్ ఆయన చేతికిస్తూ అడగాల్సింది అడిగాను.

“వచ్చే ఏడు అల్లుణ్ణి కూర్చోబెడతావా?”

ఆయన అల్లుడి వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

“వాడు నీకంటే బాగా ఆడతాడు మచ్చా. కానీ ఓడిపోతే అల్లుణ్ణి తిట్టేదానికవుతుందా?” అని, డబ్బా మూత బిగించి, అక్కణ్ణుంచి ఇంటిదాకా దారి పొడవునా నన్ను తిడుతూనే వచ్చాడు.